మిగిల్చిన కరెంటు

ఆర్మాండ్ అటక మీద బోర్లా పడుకుని, చలి లోపలికి రాకుండా చూరు మూలల్లోకి గొట్టంతో కాగితపు దూది కొడుతున్నాడు. కనుబొమల నిండా బూడిదరంగు దుమ్ము. అమెరికాలోని వెర్మాంట్‌లో మార్చి వచ్చినా రాత్రిళ్లు ఇంకా గడ్డకట్టే చలే. ఇళ్ల సందులు మూసి హీటర్లకయ్యే కరెంటు తగ్గించడమే అతని బతుకు. ఈ లోయలో అతను పాకని అటక లేదు. అయినా అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువే.

“ఏమయ్యా, ఊరి సభకు వెళ్లవా? అక్కడి భోజనంలో బీన్స్ అయిపోతాయి!” కింద నుంచి ఇంటి యజమానురాలు హెస్టర్ ముసలమ్మ కేకేసింది.

“బీన్స్ కోసం కాదమ్మా, చెట్ల కోసం వెళ్తున్నా,” అంటూ దిగాడు.

ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా హాల్లో చేరి చేతులెత్తి ఓటేస్తుంది. ఈసారి కొత్త హైటెన్షన్ లైను సంగతి. అది వస్తే ఆర్మాండ్ మేపుల్ తోట మధ్యనుంచే వస్తుంది. ఆ చెట్ల తీపి నీరు కాచి పాకం తీయడం తప్ప అతనికి వేరే సంబరం లేదు, భార్య పోయాక మరీను.

గ్రిడ్ ప్రణాళిక ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు ప్రిసిల్లా గోడమీద, రాబోయే ఏళ్ల కరెంటు వాడకమంటూ పైకి పాకే గీత ఒకటి చూపించింది. ఆర్మాండ్ టోపీ నలుపుతూ లేచాడు.

“ఇన్ని ఇళ్లలో వాడకం తగ్గించాం కదమ్మా. ఆ గీత పైకే పోతుందేం?”

“మీరు తగ్గించింది పాత వాడకం లెక్కలోనే కలిసిపోయిందండీ. మళ్లీ తీసేస్తే రెండుసార్లు తీసినట్టు.”

“మరి ఇకముందు తగ్గించేది?”

“అది ఇంకా జరగలేదు కదండీ. దాన్ని నమ్ముకుంటే రేపు ఊరు చీకట్లో పడుతుంది.”

“పెరిగే వాడకం మాత్రం జరిగిపోయిందా తల్లీ?” వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. ప్రిసిల్లా కూడా నవ్వేసి, “మా పద్ధతి అదండీ,” అంది.

చేతులు లేచాయి. ఊరు ఊరంతా వద్దంది. ఆ మాట పైవాళ్లకు చెబుతానని, లైను మాత్రం ఆగదని ఆమె మర్యాదగా చెప్పింది. తిట్టడానికి ఒక చెడ్డ మనిషైనా లేకపోవడం ఎంత ఘోరమో!

ఆర్మాండ్ ఏమీ తినకుండా తిరిగొచ్చి మళ్లీ అటకెక్కాడు.

“ఎందుకయ్యా ఈ ఆయాసం? లెక్కలోకే రాదన్నారుగా,” అంది, సభ సంగతి అతని నోట విన్న హెస్టర్.

“నీకు చలి తగ్గుతుంది కదమ్మా.”

పని ముగించి వంటింటి కుర్చీలో కూలబడ్డాడు. ఆమె కాఫీ పోసి ఇటు తిరిగేసరికి తల వాల్చేసి ఉన్నాడు. అలసి నిద్రపోయాడనుకుని కాసేపు లేపలేదు. గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం అతని తోటలో, లైను దారికి గుర్తుగా సర్వేవాళ్లు నారింజరంగు గుడ్డపేలిక కట్టిన మేపుల్ చెట్టుకు వేలాడుతున్న రేకు బకెట్టులోని తీపి నీరు, వంచేవాళ్లు లేక, అంచులు పొర్లి మంచులోకి కారుతూనే ఉంది.