మిట్ట మీద ఆగే బస్సు

ఆరో ప్లగ్గు బిగించి బస్సు మేస్త్రీ వరదయ్య నడుము నిలబెట్టాడు. ప్లగ్గులన్నీ విప్పి, మసి గీకి, మళ్లీ బిగించడం ఈ మూడు వారాల్లో ఇది తొమ్మిదోసారి. అతనికి యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. మెడ మీద గ్రీజు మరకలు ఎంత తోమినా పోనంతగా చర్మంలోకి ఇంకిపోయాయి. కుడిచేతి చూపుడువేలి గోరు ఎప్పుడో ఫ్యాను రెక్కకు తగిలి ఊడిపోయింది. తీగలు తడిమి చూసేది ఆ వేలితోనే.

డ్రైవరు చెంగల్రాయుడు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వరదయ్య పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, కట్టె పిడి చెవికి ఆనించి విన్నాడు. ఏ తప్పూ లేదు. షెడ్డులో ఎప్పుడూ ఏ తప్పూ ఉండదు.

ఆగేదంతా రోడ్డు మీదే. తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, వడమాలపేట దాటాక ఒక మిట్ట ఉంది. అది ఎక్కుతూ ఉండగా, ఎవరో పీక నొక్కినట్టు ఇంజను ఆగిపోతుంది. కాసేపటికి దానంతటదే బాగవుతుంది. ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. ఆగేది మాత్రం జనం నిండుగా ఉన్న రోజే.

యజమాని మునిరత్నం నాయుడు షెడ్డు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఈడ బాగుండాది. ఆడికి పోతే నిలిచిపోతాది. ఎనకాల్నే ఇంకొకరి బస్సు వస్తాది, మన జనమంతా దాంట్లోకి ఎక్కుతారు. ఇది ఇంజను రోగమా, డ్రైవరు రోగమా?"

చెంగల్రాయుడు తల వంచుకున్నాడు. ఆరుగురు పిల్లల తండ్రి. ఇరవై ఏళ్లుగా ఈ చక్రం తప్ప ఇంకో పని ఎరగడు.

"ఇయ్యాళే కడా దినం మేస్త్రీ," అన్నాడు నాయుడు. "సాయంత్రానికి తెలీకపోతే రేపట్నించి మా బామ్మర్ది కొడుకు తోలతాడు."

"నేనూ బండ్లో పోతా," అన్నాడు వరదయ్య.

వరదయ్య ఎవరినీ క్షమించే మనిషి కాదు. మూడేళ్ల కిందట, అతను పుత్తూరు పక్క పల్లెలో కాపురమున్నప్పుడు, భార్య తిరుమలమ్మ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. పక్కింట్లోనే ఉన్న సొంత అన్న, ఎద్దులు అలిసిపోయాయని బండి కట్టలేదు. వరదయ్య ఆమెను భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. సత్యవేడు పోతున్న చెంగల్రాయుడు బస్సు ఆపి, చూసి, ఒక్క మాట కూడా అడగకుండా బస్సును వెనక్కి తిప్పాడు. బస్సు నిండా జనం. తిట్టారు. తిడుతూనే తిరుపతి దాకా వచ్చారు. నాయుడు అతణ్ణి వారం రోజులు బండి ముట్టుకోనివ్వలేదు.

తిరుమలమ్మ బతకలేదు. కానీ ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. నొప్పి తగ్గిన పూటల్లో మాట్లాడింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఇద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోలేదు. అన్న చచ్చిపోతే వరదయ్య శవాన్ని చూడటానికి కూడా పోలేదు. చెంగల్రాయుడికి మాత్రం ఆ పదకొండు రోజుల సంగతి చెప్పాలనుకుంటూనే, చెప్పకుండా మూడేళ్లు గడిపాడు.

బస్సు షెడ్డు దాటి గంగమ్మ గుడి దగ్గర ఆగింది. చెంగల్రాయుడు దిగి, దిష్టి నిమ్మకాయలు బస్సు ముందు కట్టి, దండం పెట్టి ఎక్కాడు. వరదయ్య తల తిప్పి కూడా చూడలేదు. ఏ బస్సుకైనా ఉండేదే.

రేణిగుంట దగ్గరే బస్సు నిండిపోయింది. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి పోయేవాళ్లు నలుగురున్నారు. కుప్పమ్మ అనే ముసలామె విరిగిన చెయ్యి గుడ్డ ఉయ్యాలలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మిట్ట సగం ఎక్కగానే ఇంజను ఆగింది. వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్లు పెట్టారు.

"నాయనా, ఉండే చెయ్యి గూడా ఇరగ్గొట్టి ఒకేపారి కట్టిస్తావా?" అంది కుప్పమ్మ.

జనం నవ్వారు. చెంగల్రాయుడు నవ్వలేదు.

వరదయ్య ఒక పక్క బానెట్టు తెరిచాడు. గోరు లేని వేలితో ప్రతి తీగా తడిమాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. హ్యాండిల్ తిప్పించాడు. ఇంజను మామూలుగా అందుకుంది. అతను అక్కడే నిలబడిపోయాడు. ఖాళీగా తిరిగితే బాగుంది. బరువు లాగితే ఆగింది. అంటే బరువు లాగేటప్పుడు లోపల ఏదో కదులుతోంది.

"ఎవరి దగ్గిరన్నా కంబళి ఉందా?"

గొర్రెల కాపరి ఒకడు తన నల్ల కంబళి ఇచ్చాడు. వరదయ్య దాన్ని తల మీద నుంచి ఇంజను మీదికి కప్పుకున్నాడు.

"ఏందప్పా, ఇంజనుకు పోటో తీస్తా ఉండావా?" అన్నారెవరో.

"చేతి బ్రేకు ఇడవబాక," అని కంబళి లోపలి నుంచే అరిచాడు వరదయ్య. "గేరెయ్యి. ఆయిలు తొక్కి, క్లచ్చి రొంతరొంత వదులు."

చెంగల్రాయుడు అలాగే చేశాడు. బస్సు కదలలేదు. ఇంజను మూలిగింది, వణికింది, ఒక పక్కకు ఒరిగింది. కంబళి కింది చీకట్లో చిటుక్కుమని నీలం నిప్పురవ్వ ఎగిరింది. ఇంజను ఆగిపోయింది.

వరదయ్య బయటికి రాలేదు. రెండు వేళ్లతో ఆ చోటు పట్టుకున్నాడు. కాయిల్ నుంచి వచ్చే లావు తీగ మీద రబ్బరు కుళ్లి, వెంట్రుకంత పగిలింది. దానికి అంగుళం దూరంలో ఇంకేదో సన్నటి తీగ కొన పొడుచుకుని ఉంది. బానెట్టు సందులోంచి లోపలికి తెచ్చి, గట్టిగా మెలేసిన ఇనుప తీగ. ఇంజను ఒరిగినప్పుడు పగులు వచ్చి దానికి తగులుతోంది. ప్లగ్గులకు పోవాల్సిన కరెంటంతా దాంట్లోకి పోతోంది. ఇంజను ఆగి నెమ్మదించగానే రెండూ విడిపోతున్నాయి.

ఆ ఇనుప తీగను పట్టుకుని లాగాడు. రెండో కొసన మూడు నిమ్మకాయలు ఊగాయి.

చెంగల్రాయుడు దిగి వచ్చి చూశాడు.

"దారంతో కడితే పిలకాయలు పెరుక్కోని పోతా ఉండారని..." అన్నాడు. "మొదట ఒగటే కడతా ఉంటి. బండి నిలిచేకొద్దీ ఇంకోటి కట్టినా. కట్టి దండం పెట్టుకుంటే కదిల్తా ఉండె మేస్త్రీ."

"మరి షెడ్డులో ఎందుకు కనపళ్లేదు?"

"దిష్టి తీసిన కాయ ఇంటికి తేకూడదు గదా. సాయంత్రం మూడు దోవల కాడ తీగతో సహా తీసి పారేసి వస్తా ఉండా."

వరదయ్యకు నవ్వొచ్చింది. మూడేళ్లలో మొదటిసారి. పంచె అంచు చించి, మైనం రుద్ది, పగులు చుట్టూ బిగించాడు. ఇనుప తీగ తుంచి దూరంగా విసిరేశాడు.

"మొదలాళి నాయుడికి తెలిస్తే నన్ను ఉంచడు," అన్నాడు చెంగల్రాయుడు. మొహం తుండుగుడ్డలో దాచుకున్నాడు.

"ఏడవబాక. బండి తోలు. ఆయమ్మ చెయ్యి నొప్పి పెడతా ఉండాది."

బస్సు మిట్ట ఎక్కింది. పుత్తూరు చేరింది, సత్యవేడు పోయింది, తిరిగి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. వచ్చేటప్పుడు వరదయ్య డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వడమాలపేట దగ్గర, ముందుకు చూస్తూనే, "ఆమె పదకొండు దినాలు ఉన్నింది," అన్నాడు. "నువ్వు బండి తిప్పబట్టే."

చెంగల్రాయుడు చక్రం మీది నుంచి ఒక చెయ్యి తీసి కళ్లు తుడుచుకుని, మళ్లీ చక్రం పట్టుకున్నాడు.

సాయంత్రం షెడ్డులో నాయుడు లేచి నిలబడ్డాడు.

"ఏంది మేస్త్రీ, ఎవరిది తప్పు?"

"నాది," అన్నాడు వరదయ్య. "కాయిల్ తీగ కుళ్లిపోయి ఉండాది. యుద్ధం అయిపోయి ఏడాదైనా కొత్తది దొరకలేదని పాతదే ఉంచినా. దాని పగులు నేను సూసుకోలేదు."

నిమ్మకాయల మాట ఎత్తలేదు. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కుళ్లిన తీగను మూడు వారాలు కనిపెట్టలేని మేస్త్రీని అతను కూడా క్షమించడు.

"మూడు వారాలు నా పేరు బజార్లో పెట్టినావే!" అన్నాడు నాయుడు. "సాలు. రేపట్నించి రావద్దు."

"అట్నే."

చెంగల్రాయుడు ఒక అడుగు ముందుకు వేశాడు. వరదయ్య అతని వైపు చూసిన చూపుకు అక్కడే ఆగిపోయాడు.

వరదయ్య చేతులు కిరసనాయిలుతో కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. గూడూరులో చెల్లెలుంది. అక్కడ నిమ్మకాయల మండీల్లో లారీలు ఉంటాయి, లారీలకు రోగాలూ ఉంటాయి. కాసేపు బస్సు దగ్గర ఏదో సర్ది, పొద్దుగూకే వేళ వచ్చే రైలుకు స్టేషను వైపు నడిచాడు. మనసులో ఎవరి మీదా కోపం లేదు. అది అతనికే వింతగా ఉంది.

మర్నాడు పొద్దున గంగమ్మ గుడి దగ్గర బస్సు ఆపి, చెంగల్రాయుడు తన సీటు మీది దిండు ఎత్తాడు. దాని కింద లావుపాటి తెల్లటి నూలు దారపు ఉండ, అప్పటికే దారం ఎక్కించి అందులో గుచ్చిపెట్టిన దబ్బనం.