బొటనవేలికి వినిపించే మోత

నేను ఒక ట్యూనింగ్ ఫోర్కును. పేరు విని తినే ఫోర్కుకు చుట్టాన్ననుకోకండి. ఇంతవరకు నాతో ఎవరూ ఇడ్లీ ముక్క కూడా గుచ్చుకోలేదు. పైన రెండు ఉక్కు కొమ్ములు, కింద ఒక పిడి, అంతే నేను. అరచేతికేసి కొడితే సెకనుకు నూట ఇరవై ఎనిమిది సార్లు వణుకుతాను. ఆ వణుకు మీ కాలి ఎముకకు తెలుస్తోందా లేదా అని కనుక్కోవడమే నా ఉద్యోగం.

వైద్య పరికరాలు చేసే ఒక కార్ఖానాలో పుట్టాను. నన్ను మొదట కొన్నది త్రివిక్రమరావు గారనే నరాల డాక్టరు. మహా పండితుడు. పాఠం చెబుతూ చెబుతూ నాతో వీపు గోక్కునేవాడు. రిటైరైన రోజున శిష్యురాలు డాక్టర్ ఇందుమతి చేతిలో నన్ను పెట్టి, "మిషన్లు తర్వాతమ్మా, ముందు దీన్ని అడుగు" అన్నాడు. అప్పటినుంచి ఆవిడ తెల్లకోటు జేబులోనే నా కాపురం. ఎన్ని వేల పాదాలు చూశానో లెక్కలేదు. మనుషులు మొహానికి పౌడరు పూసుకున్నంత శ్రద్ధగా కాళ్లు కడుక్కోరన్న సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

ఒకనాడు నాగలింగం అనే నేత కార్మికుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి. వెంట భార్య చౌడమ్మ. ఆయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, అడుగునున్న రెండు తొక్కుడు కర్రలను మార్చి మార్చి తొక్కాలి. కళ్లు గుడ్డ మీద ఉంటాయి కాబట్టి కర్ర ఎక్కడుందో పాదమే చెప్పాలి. ఆయన పాదం చెప్పడం మానేసింది. ఒకే కర్రను రెండుసార్లు తొక్కుతున్నాడు, ఒక్క పోగు పడాల్సిన చోట రెండేసి పడుతున్నాయి.

"కాళ్లకి మేజోళ్లు తొడిగినట్టుందమ్మా. నా జన్మలో మేజోళ్లు తొడిగి ఎరగను. ఇక మగ్గం ఎక్కలేనా?" అని అడిగాడు.

నన్ను ఆయన బొటనవేలి మీద ఆనించారు. నేను ఒళ్లంతా మోగిపోతున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఎంతో మర్యాదగా, "పెట్టినాక చెప్పండమ్మా" అన్నాడు. అప్పటికే నేను ఆ వేలి మీదే ఉన్నాను.

"షుగరే అయుంటది. టీలో మూడు చెంచాలు ఏసుకుంటాడు" అంది చౌడమ్మ. షుగరు లేదని పరీక్షలో తేలింది. రక్తంలో వేరే లోపమూ కనబడలేదు. నాకూ ఆసక్తి పుట్టింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పాదాలు ఎందుకు మొద్దుబారినట్టు?

"మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేవమ్మా."

"ఆ పొద్దుటి బిళ్ల?" అంది చౌడమ్మ.

"అది మందేంది? కడుపు బిళ్లేగా!"

అప్పుడు బయటికొచ్చింది, ప్లాస్టిక్ కవరులో మడతలు నలిగిన ఒక చీటీ. నాలుగేళ్ల కిందట విరేచనాలకు ఎవరో డాక్టరు వారం రోజులకని రాసిన యాంటీబయాటిక్. గుంటలోకి దిగినవాడు మాటిమాటికీ లేస్తే పని సాగదు. అందుకని నాగలింగం కడుపు మంచిగా ఉన్నా సరే, మగ్గం ఎక్కేముందు ముందుజాగ్రత్తగా ఒక బిళ్ల మింగుతున్నాడు. ఆరు నెలలుగా రోజూ. మందుల దుకాణంవాడు చీటీ మీద తారీఖు చూసిన పాపాన పోలేదు. మగ్గం కోసం మింగిన బిళ్లే మగ్గానికి ఎసరు పెట్టింది.

"వారం వేసుకుంటే మంచి మందే. నెలల తరబడి వాడితే కొందరికి నరాలు దెబ్బతినొచ్చు. మీకూ అదే అయ్యుంటుందని నా అనుమానం" అంది డాక్టరమ్మ. "ఇవాళ్టినుంచి ఆపేద్దాం. మెల్లగా తేరుకోవచ్చు. పూర్తిగా తగ్గుతుందని మాత్రం మాటివ్వలేను."

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ వచ్చారు. ఈలోగా చౌడమ్మ గుంటలోకి దిగి నేస్తోందట. ఆయన పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ ఆవిడ చుట్టిన నూలు కండెలు తాను చుడుతున్నాడట.

కుడి బొటనవేలి మీద ఆనించారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమ వేలి మీద ఆనించారు. నేను ఊపిరి బిగబట్టలేను గానీ, బిగబట్టినంత పని చేశాను.

"జుమ్మంటా ఉందమ్మా!" అని అరిచాడు. కాసేపటికి, "ఆగింది" అన్నాడు.

డాక్టరమ్మ నన్ను తన వేలికి ఆనించుకుని చూసింది. నేనింకా సన్నగా మోగుతూనే ఉన్నాను. "సగం దారి వచ్చారు" అంది నిజాయితీగా.

"కుడికాలు కూడా వచ్చిందాకా మగ్గం నాదే. నువ్వు కండెలు చుట్టు" అంది చౌడమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

నాగలింగం నవ్వాడు. తర్వాత సిగ్గుపడుతూ, "ఇంకొక్కసారి పెట్టండమ్మా, ఆ ఎడం కాలికే" అన్నాడు.

వైద్యానికి అది అక్కర్లేదు. అయినా ఆవిడ నన్ను మళ్లీ కొట్టి, ఆ వేలి మీద పెట్టింది. ముప్పై ఏళ్ల నా సర్వీసులో నన్ను అడిగి మరీ పెట్టించుకున్నవాడు ఆయనొక్కడే.