షట్టరు మీద అన్నయ్య

మా వీధికి ఆదివారం పొద్దున్నే ఎవరో చీపుళ్ళు పట్టుకుని వస్తున్నారని మొదట నాకు చెప్పింది పక్క టీ కొట్టాయన. నేను నమ్మలేదు. జీతం తీసుకునేవాళ్ళే తొంగిచూడని వీధికి ఊరికే వచ్చి ఊడ్చేదెవరని నవ్వేశాను. తీరా చూస్తే నిజంగానే వచ్చారు, పారలు, బకెట్లు, మంచినీళ్ళ సీసాలతో సహా.

ఒకప్పుడు ఊరికి నడిబొడ్డంటే మా వీధే. బస్టాండును ఊరి చివరికి మార్చాక జనం దాని వెంట వెళ్ళిపోయారు, జనం వెంట షాపులూ వెళ్ళిపోయాయి. ఎక్కడికీ కదల్లేని మేము కొద్దిమందిమి మిగిలాం. స్తంభాలకు దీపాలు వెలగవు. మురుగుకాలవ మీది పలకలు కొన్ని విరిగాయి, కొన్ని అడుగు పెడితే ఊగుతాయి. నాది కుట్టు షాపు. మిషను ముందు కూర్చుని తలెత్తితే ఎదురుగా మూసిన షట్టరు ఒకటి కనిపిస్తుంది. అది మా అన్నయ్య పటాలు కట్టే షాపు.

అన్నయ్య పోయినప్పటి నుంచి ఆ షట్టరు లేవలేదు. పై గదుల్లో వదిన ఒక్కతే ఉంటుంది. నిజానికి ఆ షాపు ఇద్దరిదీ. చెక్క పని అన్నయ్యది, గాజు పని వదినది. గాజు మీద కట్టరుతో ఒక్క గీత గీసి, బల్ల అంచుకు జరిపి తడితే చెప్పిన మాట విన్నట్టు విరిగేది. అలాంటి మనిషి ఇప్పుడు మెట్లు దిగి కూరగాయలు తెచ్చుకుని, షట్టరు వైపు కన్నెత్తి చూడకుండా మళ్ళీ మెట్లెక్కుతోంది. వాళ్ళ తమ్ముడు ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట పాడేవాడు. "ఒక్కదానివి అక్కడేం చేస్తావక్కా, షాపు ఎవరికైనా ఇచ్చేసి మా దగ్గరికి వచ్చెయ్." మొదట్లో వదిన కుదరదనేది. తర్వాత చూద్దాంలే అనడం మొదలుపెట్టింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేసేది. అమ్మా నాన్నా లేరు, అన్నయ్యా లేడు. వదిన కూడా వెళ్ళిపోతే నాకు పుట్టిల్లని చెప్పుకోడానికి ఏం మిగులుతుంది?

సరే, ఆదివారం వాళ్ళ సంగతి చెబుతున్నాను కదా. నేను వాళ్ళకి ఆదివారం బ్యాచ్ అని పేరు పెట్టాను. వాళ్ళకి పెద్ద దిక్కు ఉద్యోగం నుంచి రిటైరైన ఒక నర్సు. అందరూ నర్సమ్మ అంటారు. ఆమె ఎవరినీ మీకేం కావాలని అడగదు. రోజూ మీకు చిరాకు తెప్పించేదేంటని అడుగుతుంది. మొదటిరోజే నా గుమ్మం ముందుకొచ్చి నన్నూ అడిగింది. నా నోరు ఊరుకోదుగా.

"పొద్దున్నే వచ్చి ప్రశ్నలు వేసేవాళ్ళు," అన్నాను.

"దానికి మా దగ్గర మందు లేదమ్మా. మేం వస్తూనే ఉంటాం. ఇంకేదైనా చెప్పు," అంది ఆమె, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

నాకు నవ్వొచ్చేసింది. గుమ్మం ముందు ఊగే పలక చూపించాను. భోజనాల వేళకి ఆ పలక కదలకుండా కూర్చుంది. వాళ్ళకి అదొక నియమం. ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా పూర్తయ్యే పని తప్ప ఇంకోటి ముట్టుకోరు. "సగం సగం పనులు చేసి వదిలేసినందుకే కదమ్మా మీ వీధి ఇలా తయారైంది," అంది నర్సమ్మ. ఒక వారం బల్ల ఒకటి చేసి వీధిలో వేశారు. ఒక వారం పాత రంగుడబ్బాల్లో మొక్కలు పెట్టారు. ఇంకో వారం బ్యాంకు మేనేజరొకాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని మోచేతి దాకా కాలవలో చెయ్యి పెట్టి చెత్త తీయడం నా కళ్ళారా చూశాను. ఇప్పుడు ఫొటో తీయించుకుంటాడు చూడు అని కాచుకుని కూర్చున్నాను. తీయించుకోలేదు. సబ్బు అడిగి చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాళ్ళమీద నోరు చేసుకోవడం మానేశాను.

అయితే వాళ్ళూ మనుషులే, బోర్లా పడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఆ బ్యాచ్‌లో ఒక డ్రాయింగ్ మాస్టారున్నాడు. టీ కొట్టు షట్టరు మీద రంగురంగుల పిట్టలు వేశాడు. చూడముచ్చటగా వేశాడు, కాదనను. కానీ టీ కొట్టాయన తెల్లారకముందే షట్టరెత్తితే మళ్ళీ దించేది ఊరంతా పడుకున్నాకే. ఆ పిట్టల్ని చూసిన నరమానవుడు లేడు. "మాస్టారూ, మీ పిట్టలు నిద్రలేవగానే గూట్లోకి పోతున్నాయి," అని నేనంటే పాపం ఆయన కూడా తల పట్టుకుని నవ్వాడు. అప్పుడే ఆయన కళ్ళు ఎదురుగా మూసి ఉన్న షట్టరు మీద పడ్డాయి.

నర్సమ్మే పైకెళ్ళి వదినని అడిగింది. వదిన తలుపు సగం తెరిచి, "ఎలాగూ వదిలేసి పోయేదేగా, ఏం వేసుకుంటారో వేసుకోండి," అని మళ్ళీ వేసేసుకుందట. ఆ మాట నర్సమ్మ నాతో చెప్పినప్పుడు చేతిలో పని సాగలేదు. ఆదివారం ఒక్కపూటలో అయ్యేది కాదని మాస్టారు అంటే, "అయితే రోజూ బడి అయ్యాక నువ్వే వచ్చి వెయ్యి," అంది నర్సమ్మ. ఆయన అలాగే వచ్చాడు. ముందు తుప్పు గీకాడు, అంటించిన పాత కాగితాలన్నీ నానబెట్టి పీకాడు. ఏం వేస్తున్నారని అడిగితే చూస్తారుగా అనేవాడు. బడి పిల్లల బొమ్మలకి పటాలు కట్టించుకోడానికి ఆయన అన్నయ్య దగ్గరికి వచ్చేవాడని నాకు తెలుసు. కానీ అన్నయ్యని అంతలా గమనించాడని తెలియదు.

బొమ్మ పూర్తయిన రోజు మిషను ఆపి తలెత్తాను. షాపు తెరిచి ఉంది. బల్ల వెనక మా అన్నయ్య నిలబడి ఉన్నాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో ఫ్రేము, మూల సరిగ్గా కలిసిందో లేదో చూడడానికి ఒక కన్ను మూసి తల పక్కకి వంచాడు. ఆయన అలాగే వంచేవాడు. వేసుకున్న చొక్కా నేను కుట్టిందే. నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను, చూసేవాళ్ళు చూశారు.

వదిన కిందికొచ్చింది. బొమ్మని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత వేలితో చూపించి, "గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నాడు చూడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే," అంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. ఆ మాస్టారికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. పెట్టాను కూడా. ఆయన సిగ్గుపడి బ్రష్షులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి వదిన రోజూ కిందికి దిగి, ఆదివారం బ్యాచ్ వేసిన బల్ల మీద కూర్చునేది. నా షాపులో గుండీలు కుట్టేది, టీ కొట్టాయనతో పోట్లాడేది. బొమ్మ సంగతి ఊరంతా పాకింది. ఎవరెవరో వచ్చి దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు, వచ్చినవాళ్ళు టీ తాగి పోయేవాళ్ళు. తమ్ముడి దగ్గరికి వెళ్ళే మాట వదిన నోట రావడం లేదు. ఆ బొమ్మ ఉన్నంతకాలం వదిన ఎక్కడికీ పోదని నేను గట్టిగా నమ్మాను.

ఒకరోజు ఒకాయన చంకలో పటం పెట్టుకుని వచ్చాడు. వాళ్ళమ్మ ఫొటో అట, గోడ మీంచి పడి గాజు పగిలింది. బొమ్మలో షాపు చూసి పటాలు కడతారనుకున్నాడు. "ఈ షాపు ఎప్పుడు తెరుస్తారండీ?" అని బల్ల మీద కూర్చున్న వదిననే అడిగాడు. నేను లేచి ఇది మూసేసిన షాపని చెప్పేలోపే వదిన చెయ్యి చాపింది. పటం అందుకుని తిరగేసి చూసింది, మూల నొక్కి చూసింది.

"చెక్క కూడా వదులైంది. రేపు సాయంత్రం రండి," అంది.

పటాల షాపులో ఎన్నో ఏళ్ళు అన్న మాట అది. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. ఆయన హమ్మయ్య అనుకుని పటం వదిన చేతుల్లోనే వదిలి వెళ్ళిపోయాడు. వదిన పగిలిన గాజు వెనక ఉన్న ఆ పెద్దావిడ ముఖం చూస్తూ కూర్చుంది. నేను తనని చూస్తూ కూర్చున్నాను.

"ఏమే, షట్టరు తెరవాలి," అంది కాసేపటికి.

నాకు ఒళ్ళు మండింది. "పైకి తీసుకెళ్ళి చేసుకో వదినా."

"గాజు లోపలుంది. బల్ల లోపలుంది. లోపలికి ఇంకో దారి ఉందా?"

"షట్టరెత్తితే అన్నయ్య చుట్టచుట్టుకుపోతాడు. ఇన్నాళ్ళకి కళ్ళారా చూసుకుంటున్నాం. నువ్వే మళ్ళీ లోపలికి తోసేస్తావా?"

వదిన ఒళ్ళో పటాన్ని సర్దుకుంది. నా మాట గుచ్చుకుందని తెలుసు, అయినా వెనక్కి తీసుకోలేదు. టీ కొట్టాయన కూడా నాకే వంత పాడాడు. "బొమ్మ కోసమే జనం వస్తున్నారమ్మా, ఆలోచించుకోండి." ఎవరు చెప్పినా వినకపోయినా వేసినవాడు చెబితే వింటుందని, నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బడికి పరిగెత్తి మాస్టారిని వెంటబెట్టుకొచ్చాను. దారంతా ఆయనకి నూరిపోశాను. షట్టరు రెక్కలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటే రంగు లేచిపోతుందని చెప్పాను, ఆయన కష్టమంతా మట్టిలో కలుస్తుందని చెప్పాను. ఆయన ఊ కొడుతూ నడిచాడు.

వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు. వదిన ఒళ్ళో ఉన్న పటం చూశాడు.

"ఎప్పుడు తెరుద్దామనుకుంటున్నారు?" అని అడిగాడు.

"రేపు పొద్దున్న. కానీ మీరు అంత కష్టపడి..."

"షట్టరు మీద వేసేటప్పుడు అది తెరుచుకునేదని నాకు తెలీదా అండీ," అన్నాడు ఆయన. "తుప్పు పట్టి ఉంటుంది, ఊరికే లేవదు. నేను గ్రీజు తెస్తాను."

ఊళ్ళో ఎవరిని అడిగినా ఆయన పేరు చెప్పే బొమ్మ అదొక్కటే. గ్రీజు తెస్తానన్నాడు.

మర్నాడు ఆదివారం కాదు. అయినా ఆదివారం బ్యాచ్ అంతా వచ్చింది. బ్యాంకు మేనేజరు ఆఫీసు బట్టల మీద వచ్చి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నర్సమ్మ నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. మాస్టారు తానే గ్రీజు పూసి, తానే కొక్కెం పట్టుకున్నాడు. మొదటి లాగుడికి షట్టరు కదల్లేదు. తర్వాత కిర్రుమని మూలిగి పైకి పాకింది. ముందు అన్నయ్య ముఖమే లోపలికి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి వదిన లోపలుంది. బొమ్మలో ఉన్న చోటే బల్ల ఉంది. గాజు మీద దుమ్ము తుడిచి, కట్టరు అందుకుని గీత గీసింది. మొదటిది వంకరగా విరిగింది. "చేతికి తుప్పు పట్టింది, దానికి గ్రీజు లేదు," అని తనే నవ్వి, రెండో గాజు తీసింది. గీత గీసి అంచున తట్టింది. టక్కుమని నిటారుగా విరిగింది. మా వీధి ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. బ్యాంకు మేనేజరు కండువా తీసినంత గౌరవంగా మడిచిన చొక్కా చేతులు దించుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు. ఎదురు షాపులోంచి నాకు వినపడింది. "ఇప్పుడు మాట్లాడలేనురా, జిగురు ఆరిపోతోంది. షాపు తెరిచాను. లేదు, రాను. నువ్వే పిల్లల్ని తీసుకుని రా." నేను మిషను తొక్కుతూ పైకే నవ్వాను, కుట్టు పక్కకి పోయింది. సాయంత్రం వాళ్ళమ్మ పటం తీసుకున్నాయన దాన్ని గుండెకి ఆనించుకుని నడిచి వెళ్ళాడు.

షాపు మూసేటప్పుడు వదిన నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి షట్టరు దించాం. ముందు బల్ల కాళ్ళు దిగాయి, తర్వాత చేతులు, చొక్కా, చిట్టచివర ముఖం. చెంప మీద అడ్డంగా ఒక గీత పడి రంగు లేచిపోయింది. మాస్టారు వచ్చే ఆదివారం దిద్దుతాడని తెలిసినా ఊరుకోలేకపోయాను.

"అన్నయ్య ముఖం గీరుకుపోయింది వదినా."

వదిన దగ్గరికెళ్ళి వేలితో ఆ చెంప తడిమింది.

"పగలంతా పడుకున్నాడుగా, దిండు గుర్తు," అంది. "పగలు షాపు నేను చూసుకుంటాను. రాత్రి కాపలా మీ అన్నయ్యది."

తాళం నా చేతిలో పెట్టి మెట్లెక్కింది. నేను వంగి తాళం వేసి, లాగి చూసి, "జాగ్రత్తన్నయ్యా," అని చెప్పి నా షాపులోకి వచ్చాను.