విమానం గాలిలో ఉన్నంతసేపు

మక్తల్ లీలమ్మ తమ్ముడు ఐలేశంను డ్రైవరు పని ఇప్పిస్తానని దుబాయి పంపినవాడు ఏజెంటు శ్రీశైలం. తీరా అక్కడ దిగాక ఎడారిలో గొర్రెల మందకు కాపలా పెట్టారు. రెండో ఎండాకాలంలో వడదెబ్బకు పోయాడు. పెట్టెలో వచ్చిన మొహాన్ని పోల్చుకోలేక, చేతి మీది పచ్చబొట్టు చూసి గుండెలు బాదుకుంది లీలమ్మ.

కేసు పెట్టింది. వారెంటు వచ్చింది. శ్రీశైలం దుబాయిలోనే మకాం వేసి, గుట్టుగా వచ్చిపోతుండేవాడు. వచ్చాడని తెలిసి ఆమె ఠాణాకు పరుగెత్తితే, ఎదురుగా చాయ్ హోటల్లో కాపు కాసే వాడి బామ్మర్ది వెంటనే ఫోను కొట్టేవాడు. జీపు పోయేసరికి ఇల్లు ఖాళీ. రెండోసారీ అట్లాగే తప్పించుకుపోయాక లీలమ్మ ఏడవడం మానేసింది.

దుబాయి విమానాశ్రయంలో ఊడ్చే పని చేసే భీమయ్య, ఐలేశంకు దోస్తు. శ్రీశైలం కొత్తింటి గృహప్రవేశం దగ్గరపడిందని తెలిసి, వాడి మీద ఓ కన్నేసి ఉంచమని అతనికి చెప్పింది. ఒక పొద్దున ఫోను వచ్చింది.

"అక్కా, ఆడు హైదరాబాదు విమానం ఎక్కిండు."

"ఎంత దూరముంటది తమ్మీ?"

"రెండున్నర వేల కిలోమీటర్లు. మూడున్నర గంటల్ల దిగుతడు."

"గప్పటిదాంక ఆని ఫోను?"

"బందే. ఎవ్వలు కొట్టినా మోగది."

విమానం లేచిందని భీమయ్య మళ్ళీ చెప్పేదాకా ఆమె గడప దాటలేదు. అప్పుడు పోయి ఎస్సై ముందు నిలబడింది. బామ్మర్ది చూస్తుండగానే జీపెక్కింది. వాడు ఫోను చెవికి ఆనించుకుని రోడ్డు మీదికి ఉరికి వచ్చాడు.

"కొట్టురా, మంచిగ కొట్టు!" అని అరిచింది లీలమ్మ.

శ్రీశైలం సముద్రం దాటి వస్తుంటే జీపు జడ్చర్ల దగ్గర లారీల వెనక ఇరుక్కుంది. ఆమె పళ్ళు కొరికింది.

"ముందుగాల దిగుతడేమో సారూ!"

"దిగితే ఏడికి పోతడమ్మా? ఏర్పోర్టోళ్ళకు చెప్పే ఉంచిన" అన్నాడు ఎస్సై.

శంషాబాదులో సామాన్ల బండి తోసుకుంటూ బయటికొచ్చిన శ్రీశైలం ఫోను తెరిచాడు. అది ఆగకుండా మోగింది. అన్నీ బామ్మర్ది పంపిన మెసేజీలే. చదివి తలెత్తేసరికి ఎదురుగా లీలమ్మ, పక్కన ఎస్సై.

"అక్కా, చావు వాని నొసట రాసిపెట్టి ఉండె. నేనేం చేస్త?" అంటూ చేతులు జోడించాడు.

"నువ్వు సావకురా" అంది లీలమ్మ. "నూరేండ్లు బతుకు. జైల్ల బతుకు. ములాఖత్‌కు నేనే వస్త. నువ్వెట్ల ఎండుతున్నవో కండ్లార సూస్త."

బస్సులో పొమ్మని ఎస్సై ఎంత చెప్పినా ఆమె వినలేదు. జీపు ముందు సీట్లో కూర్చుని, మెడ పట్టేసినా సరే, మక్తల్ దాకా వెనక్కి తిరిగి వాడి మొహమే చూస్తూ వచ్చింది.