వంకర తిరిగిన అద్దం

బండ్ల అద్దాలు బాగుచేసే షెడ్డు మా బావది. అందులో గీతలు పోగొట్టే పని నాది, పొగడ్తలు పుచ్చుకునే పని ఆయనది.

ఆ ఆదివారం వచ్చిన స్కూలు వ్యాన్ ముందు అద్దం మీద, సరిగ్గా డ్రైవరు కళ్లకెదురుగా, వైపర్ గీసిన గీత ఉంది. వేలిగోరు పెట్టి చూస్తే తట్టుకుంది.

"ఇది లోతుగా ఉంది బావా. పోగొట్టాలంటే అక్కడ అద్దం గుంట పడుతుంది. కొత్తది వేయించుకోమను" అని చెప్పి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆయన ఆ ఒక్కచోటే మెషిన్ అదిమిపెట్టి రుద్దుతున్నాడు. నీళ్లు చల్లిన పాపాన పోలేదు, అద్దం కాలిపోతోంది. పాలిష్ పిండి ఎండి పొడిపొడిగా బానెట్ మీదికి రాలుతోంది. గీత మాత్రం లేదు.

"చూశావా మరదలా, నీదంతా చాదస్తం" అన్నాడు పళ్లికిలిస్తూ.

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఎదురుగోడ మీద నేను గీసుకున్న నిలువు గీతలున్నాయి. వాటిని అద్దంలోంచి చూస్తూ తల అటూ ఇటూ కదిపాకే నేను ఏ బండినైనా వదులుతాను. చూపు ఆయన రుద్దిన చోటికి రాగానే గీతలు వానపాముల్లా మెలికలు తిరిగాయి.

"నువ్వే కూర్చుని చూడు బావా."

విసుక్కుంటూ కూర్చున్నాడు. అప్పుడే ఆయన కూతురు టీ ఫ్లాస్కుతో వచ్చి బండి ముందు నుంచి నడిచింది. రోజూ బడికి వెళ్లేది ఈ వ్యాన్‌లోనే. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. ఆ చోట పిల్ల సాగి, చెదిరి, ఉన్నచోట కాక పక్కన కనబడింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పటికైనా బుద్ధొచ్చిందనుకున్నాను.

దిగి, పిల్ల తల నిమిరాడు. "రేపట్నుంచి ఈ వ్యాన్ ఎక్కొద్దమ్మా. నేనే స్కూటర్ మీద దింపుతా."

ఛీ, ఇలాంటి మనిషినా అక్క కట్టుకుంది అనిపించింది. అదే చేత్తో గుడ్డ తీసి అద్దం తుడిచాడు. గేటు దగ్గరున్న డ్రైవరును పిలిచాడు.

"రండి, గీత మచ్చుకైనా లేదు."

డ్రైవరు మురిసిపోయాడు. "భలే పోయింది సార్. రేపు మీ పాపను ముందు సీట్లో కూర్చోబెడతా."

"పాప రాదులే."

"అదేంటి సార్, ఎందుకని?"

బావ వ్యాన్ తాళాలు తీసి డ్రైవరు వైపు చాచాడు. అక్క కాపురం, నా పని రెండూ ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలాయి. అయినా ఆయన చేతిలోంచి తాళాలు లాక్కున్నాను.

"ఎందుకో చూద్దురుగాని, మీరు సీట్లో కూర్చోండన్నా. పాపా, ఇందాకట్లాగే నువ్వు బండి ముందు నుంచి నడువు."