ఆదివారానికో ఖైదీ

"ఇయ్యాల ఏం చెప్పిండ్రు?" అని ప్రతి శనివారం సాయంత్రం దానియేలు అయ్యగారు అడిగే వేళకి నేను ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ ఉంటాను. అయ్యగారంటే మా ఆయనే. తార్నాకలో మా చర్చికి పాస్టరు, జైలు పరిచర్యకు అనుమతి ఉన్న మనిషి. అనుమతి ఆయన పేరు మీదే ఉన్నా, ఆడవాళ్ల బ్యారక్‌లోకి మగవాళ్లను పోనివ్వరు కాబట్టి అక్కడికి నేను వెళ్తాను. ఖైదీల మధ్య కూర్చుని, పాటలు పాడించి, దేవుణ్ణి ఏం కోరమంటారో ఒక్కొక్కరి ప్రార్థన మనవి అడుగుతాను. ఆ మనవులన్నీ ఇంటికొచ్చి ఆయనకు అప్పజెప్పాలి. ఆదివారం పేర్లు తీసేసి ఆయన వాటినే ప్రసంగం చేస్తారు. "అయ్యగారికి ఖైదీలంటే ఎంత ప్రేమ!" అని సంఘం కళ్లు తుడుచుకుంటుంది. తర్వాత నా వైపు తిరిగి "అమ్మగారూ, చాయ్ అయిందా?" అంటుంది.

నిజం చెప్పాలంటే నేను జైలుకు భక్తితో వెళ్లలేదు, కుతూహలంతో వెళ్లాను. తాళం పడ్డాక వీళ్లేం మాట్లాడుకుంటారు? పొద్దుగూకకముందే తినేస్తే ఆకలెయ్యదా? ఒకరికొకరు పేలు చూసుకోవడం, ఒకే అద్దం ముక్కను చేతులు మార్చుకోవడం, ములాఖత్‌కు ఎవరూ రాని మనిషి ఆ రోజంతా పనిగట్టుకుని నేల తుడవడం, అన్నీ కళ్లప్పగించి చూసేదాన్ని. అత్తింటి కేసులో వచ్చిన అంబర్‌పేట ఉప్పలమ్మ ఒకసారి నవ్వుతూ చెప్పింది. "మొదట్ల మస్తు ఏడ్సిన అమ్మా. ఒకనాడు జెరమొచ్చి పండుకున్న. ఎవ్వరూ తిట్టలే. పెండ్లయినంక జెరమొస్తె పండుకున్నది గీడనే." పిల్లలు గుర్తొస్తే ఆమెకు ముద్ద దిగదు, అది నేను చూశాను. అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

తెలంగాణ కోసం మా పక్కనే యూనివర్సిటీ క్యాంపస్ భగ్గుమంటున్న రోజులవి. అక్కడ బాష్పవాయువు వదిలితే మా వంటింట్లో కళ్లు మండేవి. ఒక శనివారం నేను వెళ్లేసరికి బ్యారక్‌లో అరెస్టయిన విద్యార్థినులు కూడా ఉన్నారు. వాళ్లలో జనగామ వైపు పిల్ల పుష్పలీల, అందరూ లేచిపోయాక నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారూ, నా మనవి ఎవ్వరికీ చెప్పొద్దు. నేను హాస్టల్లనే ఉన్న అనుకుంటుండు మా నాయిన. జైలని తెలిస్తె సదువు బంద్ చేసి పెండ్లి చేస్తడు. బెయిలొచ్చేదాంక ఊరోళ్ల చెవుల పడొద్దని ప్రార్థన చెయ్యుండ్రి."

మా సంఘంలో సగం మంది జనగామ వైపు నుంచి వచ్చినవాళ్లే. పేరు చెప్పకపోయినా క్యాంపస్ పిల్ల అంటే చాలు, మర్నాటికి ఊరు చేరుతుంది.

నేను లేస్తుంటే ఉప్పలమ్మ అడిగింది. "అందరినీ అడుగుతవు. నీ మనవేందమ్మా?"

"నాకేముంటది" అన్నాను అలవాటుగా. బస్సు తార్నాక చేరేదాకా వెతుక్కున్నాను, ఏమీ తట్టలేదు. సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆయన ఉత్సాహంగా ఉన్నారు. "క్యాంపస్ పిల్లలున్నరట గద లోపల! ఒకామె కథ చెప్పు. సంఘం ఊగిపోతది."

"వాళ్లేం చెప్పలే."

"చెప్పకుంటె ఎట్ల? వట్టి చేతులతోని వచ్చేదానికి నువ్వు పోవుడెందుకు? వచ్చేవారం మన సంఘపెద్ద సుందరరావు భార్యను పంపుత."

నన్ను కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు ఈ ఊళ్లో ఆ బ్యారక్‌లోనే ఉన్నారు. పిల్ల మాట బయటపెట్టలేను, వాళ్లను వదులుకోలేను.

"వేరే ఒకామె చెప్పింది" అన్నాను, కాలరు మడత మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూ. "ఏండ్ల సంది లోపలున్నదట. అందరి ఆకలికి వండుతదట. గడప దాటాల్నంటె ఒకరి పర్మిషన్ కావాలె. పనికి జీతం లేదు. ఆమె మాటలే వేరేటాయన చెప్తె జనం మెచ్చుకుంటరట. నీకేం కావాల్నని ఒకరడిగితె ఆమెకే తెల్వలేదట."

"కేసేంది?"

"చెప్పలే."

"శిక్ష ఎన్నేండ్లు?"

"ఆమెకు కూడ ఎరుక లేదు."

"అయ్యో పాపం" అన్నారు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. ఆయన చెడ్డవాడు కాదు, నా కోపమంతా అందుకే. చెడ్డవాడైతే ఎప్పుడో తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆదివారం ఆ కథే ప్రసంగమైంది. ఎక్కడ గుర్తుపడతారా అని ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. వంట దగ్గర గుర్తుపట్టలేదు. జీతం దగ్గర పట్టలేదు. పర్మిషన్ దగ్గర ఆయన జేబురుమాలు తీశారు, ముందు వరసలో ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఆ చెల్లె విడుదల కోసం ఎవరన్న లేచి ప్రార్థన చెయ్యుండ్రి" అన్నారు ఆయన.

లేచాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు. ఇక నన్ను జైలుకు పంపరేమోనన్న భయం ఉంది. అయినా కూర్చోలేకపోయాను. ప్రార్థన చేసేటప్పుడు మా ఆడవాళ్లం తల మీద కొంగు కప్పుకుంటాం. నేను కప్పుకోలేదు. నేను మాట్లాడబోయేది దేవుడితో కాదు.

"అందరికీ వందనాలు" అన్నాను. "ఆ చెల్లె జైల్ల లేదు. అయ్యగారి ఇంట్ల ఉన్నది."