సీటు అడిగితే

బిజినెస్ స్కూల్ పరిశోధన కోసం పరాయిదేశంలో చదువుతున్న నిరుపమ, జాన్సన్‌విల్ అనే ఊరికి వెళ్ళే బస్సులో, కారణం చెప్పకుండా, తెలియనివాళ్ళను సీటు అడగాలి. ఇచ్చారా, కాదన్నారా, ఎందుకని అడిగారా అన్నది ఫారంలో టిక్కు పెట్టాలి.

ముందుగా ఒక పెద్దావిడను ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ వెంటనే లేచి, "ఇందాక ఫోన్లో మన తెలుగే మాట్లాడావుగా. ఎన్నో నెలమ్మా?" అంది.

నిరుపమకు పెళ్ళే కాలేదు. నిజం చెబితే పరిశోధన పాడవుతుంది. తల దించుకుని ఆ సీట్లో కూర్చుంది.

"మూడు నెలలు నిండేదాకా చెప్పకూడదులే" అని ఆవిడ, సంచిలోంచి కమలాపండు తీసి నిరుపమ చేతిలో పెట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఆవిడ కారణం అడిగినట్టా, తనే ఊహించుకుని ఇచ్చినట్టా? నిరుపమకు ఎంతకీ తేలలేదు. గడులన్నీ ఖాళీగా వదిలేసింది. ఆ రోజు ఇంకెవరినీ సీటు అడగడానికి నోరు రాలేదు.